కొత్త బిడ్డ, అదే జీతం: ఏ ఖర్చుకు ఏ దారి మేలు?

మా పాప పుట్టేనాటికి ఇంట్లోకి వచ్చే డబ్బు నెలకు 38 వేలు. మా ఆయనకు బైకుల షోరూంలో అకౌంట్స్ పని, 23 వేలు. నాకు ఒక ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేసే పని, 15 వేలు. విజయవాడ సింగ్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు, అద్దె 8 వేలు. ప్రసవం కాగానే నా జీతం ఆగింది. పాపకు పదిహేను రోజులు నిండేసరికి వంటింట్లో పాల లెక్క రాసే నోట్‌బుక్కులో పాప పేరుతో ఒక పేజీ మొదలుపెట్టాం. నెల తిరిగేసరికి ఆ ఒక్క పేజీలోనే 9,400 తేలింది. ఆసుపత్రి బిల్లు అందులో లేదు.

ఆ తర్వాత ఏడాదిలో ప్రతి ఖర్చు దగ్గరా మాకు రెండు మూడు దారులు ఎదురయ్యాయి. గుడ్డలా డైపర్లా, ప్రభుత్వ టీకాలా ప్రైవేటు టీకాలా, ఉద్యోగమా ఇల్లా. కొన్ని సరిగ్గా ఎంచుకున్నాం, కొన్ని తప్పి వెనక్కి వచ్చాం. నెలకు 20 నుంచి 40 వేల మధ్య రాబడితో తొలి బిడ్డను పెంచుతున్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఇందులోని ధరలు 2025లో మా చుట్టుపక్కల నేను చూసినవి. మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

ముందు ఏం చూడాలి

మొదట్లో నేను ధర ఒక్కటే చూసేదాన్ని. అది చాలదు. ఏ రెండింటి మధ్య తేల్చుకోలేకపోయినా ఈ నాలుగూ అడగండి.

1. ఇక్కడ డబ్బు తగ్గిస్తే బిడ్డ ఆరోగ్యానికి ఏమైనా అవుతుందా? అవుతుందనుకుంటే అక్కడ తగ్గించకండి, వేరే చోటు వెతకండి.
2. డబ్బు మిగిలినప్పుడు ఆ పని ఎవరి ఒంటి మీద పడుతోంది? మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఇదే. చౌక అనుకున్న ప్రతి దారిలోనూ ఒక మనిషి చాకిరీ ఉంది, ఎక్కువసార్లు ఆ మనిషి బాలింతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాల్లో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం సిజేరియన్లే. అంటే మనలో చాలామంది పొట్ట మీద కుట్లతోనే ఈ లెక్కలు వేసుకుంటున్నాం.
3. ఈ నెల చేతిలోంచి ఎంత పోతుంది? ఏడాది మొత్తం మీద చౌకైనా, ఈ నెలే ఒకేసారి 3 వేలు కావాలంటే ఆ దారి అందరికీ కుదరదు.
4. తప్పని తేలితే వెనక్కి రాగలమా? డైపర్ నచ్చకపోతే రేపు మానేయొచ్చు. మానేసిన ఉద్యోగం రేపు దొరకదు.

గుడ్డలా, డైపర్లా

పుట్టిన పాప రోజుకు ఎనిమిది పదిసార్లు తడుపుతుంది. మా అమ్మమ్మ నేత చీరలు రెండు చింపి, ముక్కోణంగా మడిచి, నడుముకు ముడి వేసేలా ముప్పై గుడ్డలు సిద్ధం చేసింది. పాత నూలు గుడ్డ ఎంత మెత్తగా ఉంటుందో చేత్తో తడిమితే తెలుస్తుంది. కొత్త గుడ్డకు ఆ మెత్తదనం రాదు. ఖర్చు దాదాపు సున్నా. సబ్బు, వేడినీళ్లకు గ్యాసు కలిపినా నెలకు 200 దాటదు.

కానీ మా పాప పుట్టింది ఆగస్టులో. వరండాలో కట్టిన తాడు మీద గుడ్డలు రెండు రోజులైనా ఆరేవి కావు. ముక్కిన వాసన వచ్చేవి. రాత్రి రెండింటికి లేచి పొడి గుడ్డ వెతుక్కుని, పక్క మార్చి, పాలిచ్చి, మళ్లీ పడుకునేసరికి నాలుగు. పిండి పిండి నెల తిరిగేలోపు కుడి మణికట్టు వాచింది. బొటనవేలు కదిపితే ప్రాణం పోయేది. కొత్త తల్లుల్లో ఇది మామూలేనని, బిడ్డను ఎత్తుకోవడం వల్లా వస్తుందని, పిండే పని ఆపమని డాక్టర్ చెప్పారు. ఫీజు, బెల్టు, మందులు కలిపి 1,150. ఆ డబ్బుతో నూరు డైపర్లకు పైగా వచ్చేవి.

| దారి | నెల ఖర్చు | మొదట పెట్టాల్సింది | చాకిరీ | ఎవరికి కుదురుతుంది |
|---|---|---|---|---|
| పాత చీర గుడ్డలు మాత్రమే | 150–200 | ఏమీ లేదు | చాలా ఎక్కువ | ఉతికే మనిషి, ఎండ, నీళ్లు మూడూ ఉన్న ఇంటికి |
| రోజంతా డైపర్లు | 1,900–2,300 | ఏమీ లేదు | తక్కువ | ఒంటరిగా ఉన్న తల్లికి, కవలలకు, తొలి నెలలో సిజేరియన్ తల్లికి |
| ఉతికి వాడే క్లాత్ డైపర్లు | 200–250 | ఆరింటికి 2,400 దాకా | మధ్యస్థం | వాషింగ్ మెషీన్ ఉండి, రెండో బిడ్డ ఆలోచన కూడా ఉంటే |
| పగలు గుడ్డలు, రాత్రి డైపరు | 700–800 | ఏమీ లేదు | మధ్యస్థం | మాలాంటి చాలామందికి |

మేం చివరికి ఆగింది నాలుగో దారి దగ్గర. రాత్రికి ఒకటి, బయటికి వెళ్తే ఇంకొకటి. వీధి మెడికల్ షాపులో చిన్న ప్యాకెట్టు కొంటే ఒక్కో డైపరు 13 రూపాయలు పడేది. పెద్ద ప్యాకెట్టు ఆఫర్‌లో చూసి కొంటే 9 లేదా 10. అలాగని నాలుగు ప్యాకెట్లు ఒకేసారి కొనకండి. నెలన్నరకే పాపకు సైజు మారి మా దగ్గర ఇరవై మిగిలిపోయాయి, పక్కింటి వాళ్లకిచ్చాం.

డైపర్ వేస్తే కాళ్లు వంకర పోతాయని మా పెద్దవాళ్లు భయపెట్టారు. అది నిజం కాదని మా పిల్లల డాక్టర్ చెప్పారు. దద్దుర్లకు కారణం డైపరూ కాదు, గుడ్డా కాదు, తడి ఎక్కువసేపు ఒంటికి అంటుకుని ఉండటమే. ఒక డైపర్ ఆదా చేద్దామని ఎనిమిది గంటలు ఉంచేసి, ఒరిసిపోయి, ఆ తర్వాత 400 ఫీజు, 150 క్రీము పెట్టిన రోజు మాకూ ఉంది. మూడు నాలుగు గంటలకు మార్చలేకపోతే పగలు డైపరు వేయకపోవడమే మంచిది.

తల్లిపాలా, డబ్బాపాలా

ఇక్కడ మొదటి ప్రశ్నకే జవాబు దొరుకుతుంది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప వేరేదేదీ వద్దని, ఆ తర్వాత ఉగ్గుతో పాటు రెండేళ్లు దాటేదాకా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లికి వీలున్నంతవరకు అదే మేలు.

డబ్బాపాల లెక్క చాలామంది ముందు వేసుకోరు. నూరు మిల్లీలీటర్ల పాలకు సుమారు 13–14 గ్రాముల పొడి కావాలి. మూడు నెలల బిడ్డ రోజుకు 750 మిల్లీలీటర్ల దాకా తాగితే రోజుకు నూరు గ్రాములు. 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు వస్తుంది. నెలకు ఏడెనిమిది డబ్బాలు. డబ్బా 450 దగ్గర మొదలై రకాన్ని బట్టి 850 దాకా ఉంది. అంటే నెలకు 3,400 నుంచి 6,400. ఇది మా అద్దెలో దాదాపు సగం నుంచి ఎనభై శాతం దాకా.

అయితే తల్లిపాలు ఉచితం అనే మాట నాకు నచ్చదు. ఆ పాలు తల్లి తిండిలోంచి వస్తాయి. పథ్యం పేరుతో నాకు మూడు వారాలు కారప్పొడి అన్నం, వెల్లుల్లి చారు, ఎండిన బ్రెడ్డు పెట్టారు. గుడ్డు వద్దు, పెరుగు వద్దు, నీళ్లు కూడా తక్కువే. కళ్లు తిరిగి పడబోతే ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) అక్క వచ్చి మా అత్తయ్య ఎదుటే చెప్పింది, మామూలు రోజుల కంటే ఎక్కువ తినాలని. రోజుకు అర లీటరు పాలు, ఒక గుడ్డు, గట్టి పప్పు, ఆకుకూర, ఒక పండు పెట్టుకుంటే నెలకు 2 వేలు అవుతుంది. ఆ 2 వేలు పాప పేజీలో రాయండి, వంటింటి ఖర్చులో కలిపేయకండి. కలిపేస్తే నెలాఖరులో ముందు కోత పడేది దాని మీదే. అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా బాలింతకు గుడ్లు, పాలు, పప్పు ఇస్తారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అది మనకు రావాల్సిందే.

పాలు పడక, ఒంట్లో బాగోలేక, మందుల వల్ల డబ్బాపాలు తప్పనివాళ్లు ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, డబ్బా మీద రాసిన కొలత తగ్గించకండి. నెలాఖరులో డబ్బా ఇంకో రెండు రోజులు రావాలని నీళ్లు ఎక్కువ కలిపేవాళ్లను చూశాను. కడుపు నిండినట్టే ఉంటుంది కానీ బిడ్డ బరువు పెరగదు. డబ్బు కటకటగా ఉంటే ఖరీదైన డబ్బా నుంచి డాక్టర్‌ను అడిగి తక్కువ ధర డబ్బాకు మారండి. ఏడాది లోపు బిడ్డకు డబ్బాపాల బదులు ఆవుపాలు, గేదెపాలు పట్టడం దానికి పరిష్కారం కాదు, రక్తహీనత రావచ్చు.

ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చిన్నాన్న కూతురు నాలుగు నెలల బాబుతో మేడ మీద చిక్కుకుపోయింది. తను పాలిస్తోంది కాబట్టి బాబుకు లోటు రాలేదు. పక్క వాటాలో డబ్బాపాల బిడ్డ ఉంది. పొడి ఉంది కానీ కలపడానికి మంచి నీళ్లు లేవు. డబ్బాపాల మీద ఉన్న ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు రోజులకు సరిపడా మంచినీళ్ల డబ్బాలు, కాచుకునే వీలు ఉండాలి. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఆఫీసుకు వెళ్లే తల్లికి మధ్యదారి ఉంది. ఉదయం, రాత్రి నేరుగా పాలు, పగటికి పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు. చేతి పంపు 800–1,200 దొరుకుతుంది, చేత్తో పిండటం నేర్చుకుంటే అదీ అక్కర్లేదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంటాయి. మన ఎండల్లో బయట మాత్రం ఉంచకండి.

ఆరు నెలల తర్వాత సంగతి తేలిక. ప్యాకెట్ సిరియల్ కంటే బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన ఉగ్గు, రాగిజావ, మెదిపిన అరటిపండు చౌక. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్టు. మా పాప అది ఇష్టంగా తింది.

టీకాలు: ప్రభుత్వమా, ప్రైవేటా

ఈ విషయంలో మేం అనవసరంగా టెన్షన్ పడ్డాం. ప్రైవేటులో ఆరో వారం టీకాలకు మాకు చెప్పిన బిల్లు 8 వేలు దాటింది. బిడ్డ దగ్గర పిసినారితనం ఏంటని మా ఆయన అప్పు చేయబోయారు.

క్షయకు బీసీజీ, పోలియో, హెపటైటిస్ బి, ఐదు జబ్బులను ఆపే పెంటావాలెంట్, విరేచనాల రోటా వైరస్, న్యుమోనియా ఆపే పీసీవీ, తొమ్మిది నెలలకు మీజిల్స్ రూబెల్లా. ఇవన్నీ ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. మన రెండు రాష్ట్రాల్లోనూ బుధవారం, శనివారం టీకాల రోజులు. పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో అంగన్‌వాడీలోనో వేస్తారు. ప్రైవేటులో నొప్పి తక్కువ టీకా అనేది కోరింత దగ్గు భాగాన్ని వేరే పద్ధతిలో తయారుచేసింది. జ్వరం తక్కువ వస్తుంది, రక్షణ ఎక్కువని కాదు. ఉచిత టీకాకు మా పాపకు ఒకటిన్నర రోజు జ్వరం వచ్చింది, తొడ గట్టిపడింది. బరువు చూసి ఎంత వేయాలో చెప్పి జ్వరం మందు ఇచ్చారు. ఆ రాత్రి ఇద్దరం వంతులవారీగా మేలుకున్నాం. ఆ రాత్రి విలువ 8 వేలా అంటే, మా రాబడికి కాదు.

ప్రభుత్వ కార్యక్రమంలో లేనివి కొన్ని ఉన్నాయి. టైఫాయిడ్, చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఎ, ఫ్లూ, గవదబిళ్లలు. డబ్బు పెట్టాలనుకుంటే వీటి మీద పెట్టండి, ఉచితంగా దొరికేవాటి మీద కాదు. మేం డాక్టర్‌ను అడిగి ముందు టైఫాయిడ్‌ది వేయించాం, మిగతావి తర్వాత చూద్దామనుకున్నాం. ఇద్దరూ సెలవు దొరకని ఉద్యోగాల్లో ఉంటే, మరుసటి రోజు జ్వరంతో బిడ్డను చూసుకునే మనిషి లేకుంటే, ప్రైవేటు టీకా ఎంచుకోవడంలో అర్థం ఉంది. ఏది ఎంచుకున్నా తల్లీబిడ్డల కార్డులో ప్రతి టీకా తారీకుతో రాయించుకోండి, లేకపోతే వేసిందే మళ్లీ వేయించుకోవాల్సి వస్తుంది.

జబ్బు చేసినప్పటి సంగతి వేరు. ఏడాది లోపు బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, రవాణా జననీ శిశు సురక్ష పథకం కింద ఉచితం. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉంటుంది. ఇది ముందే తెలిసి ఉంటే అర్ధరాత్రి కంగారులో ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది.

కొనాలా, అడిగి తెచ్చుకోవాలా

ఇక్కడ పెద్దగా ఆలోచించక్కర్లేదు. బట్టలు, స్నానం తొట్టి, ఊయల, బొంతలు, బొమ్మలు అన్నీ అడిగి తెచ్చుకోండి. తొలి ఆరు నెలల చొక్కాలు ఒక్కోటి పదిసార్లు కూడా వేయరు. మా వదిన ఇచ్చిన సంచిలో ఇరవై రెండు జతలు వచ్చాయి, బీసెంట్ రోడ్డులో మేం కొన్నది రెండే. కొత్తగా కొనాల్సినవి డిజిటల్ థర్మామీటరు, దోమతెర, రబ్బరు షీటు, సీసా వాడితే దాని పీక. వాకరు ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు, బిడ్డ మెట్ల మీంచి పడుతుందని, స్టవ్ మీదికి పోతుందని పిల్లల డాక్టర్లు వద్దంటారు. గిఫ్ట్ సెట్లలో వచ్చే పౌడరు, గ్రైప్ వాటరు అక్కర్లేదు.

బారసాల మాత్రం కొందరికి ఇంట్లో యుద్ధమవుతుంది. ఫంక్షన్ హాలులో చేస్తే 60 వేలు అవుతుందని లెక్క వచ్చింది. చదివింపులతో కొంత తిరిగి వస్తుందని మామయ్య గారి వాదన. వచ్చిన చదివింపులు రేపు మనం తిరిగి పెట్టాల్సినవే, అది అప్పే. ఇంట్లో ముప్పై మందితో, పులిహోర పరమాన్నంతో 7 వేలలో అయిపోయింది. ఊయలలో పాప నిద్రపోతూనే ఉంది.

ఉద్యోగం, ఇల్లు, పాపను ఎవరు చూస్తారు

మిగతా అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే, తొందరపడి తేల్చుకునేదీ ఇదే.

ముందు మీకు రావాల్సిన సెలవు జీతం తెలుసుకోండి. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట తొలి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో సెలవు చట్టంలో ఉంది. జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత పడుతుంటే ఆ 26 వారాల డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది. నా జీతం చీటీలో నెలకు 113 రూపాయలు ఎందుకు పోతోందో మా ఆఫీసులో నాకు ఎవరూ చెప్పలేదు. పాపకు రెండో నెలలో తోటి ఉద్యోగి ఒకామె చెబితే పరుగెత్తాను. నాలుగో నెలలో డబ్బు అకౌంట్లో పడింది. ముందే అడిగి ఉంటే ఆ మూడు నెలల అప్పు తప్పేది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5 వేలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6 వేలు వస్తాయేమో అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి.

సెలవు అయ్యాక మా ముందున్న దారులు ఇవి.

| దారి | నెలకు పోయేది | మేలు | బరువు |
|---|---|---|---|
| అమ్మో అత్తయ్యో వచ్చి ఉండటం | 2,500–3,500 | బిడ్డ ఇంటి మనిషి చేతిలో ఉంటుంది | పెద్దావిడ మోకాళ్ల మీద |
| నేను ఉద్యోగం మానడం | 15,000 రాబడి పోతుంది | పాలు, నిద్ర సక్రమం | నా మీద, మా ఆయన ఒక్క జీతం మీద |
| బేబీ కేర్ సెంటర్ | 5,000–7,000 | కచ్చితమైన వేళలు | బిడ్డకు తరచూ జలుబు, నాకు ఉరుకులు |
| ఇంటికి ఆయా | 10,000–14,000 | బిడ్డ ఇంట్లోనే | నమ్మకం కుదరాలి, ఆమె సెలవు పెడితే మనమూ పెట్టాలి |

బేబీ కేర్ లెక్క వేసి చూశాను. 15 వేల జీతంలో సెంటర్‌కు 5,500, షేర్ ఆటోలకు 1,600, ఇంకో 900 చిల్లర ఖర్చులు. మిగిలేది 7 వేలు. ‘ఏడు వేల కోసం పసిబిడ్డను వదిలి వెళ్లాలా’ అని ఇంట్లో అందరూ అన్నారు. నేనూ రెండు వారాలు అలాగే అనుకున్నాను. తర్వాత ఆ 7 వేలతో పాటు వచ్చేవి రాసుకున్నాను. యజమాని వేసే పీఎఫ్ వాటా, పాపకు ఈఎస్‌ఐ వైద్యం, మూడేళ్ల తర్వాత వెతికితే ఈ అనుభవానికి ఇచ్చే విలువ. ఇంకో సంగతి, సెంటర్ ఫీజును నా జీతంలోంచే ఎందుకు తీసేస్తున్నాం? పాప ఇద్దరిదీ. ఇద్దరి జీతాలు కలిపిన 38 వేలలోంచి తీస్తే ఆ లెక్క ఇంకోలా కనిపిస్తుంది.

అత్తయ్య వస్తానన్నారు. అందరూ ఇక సమస్య తీరిందన్నారు. ఆవిడకు 59 ఏళ్లు. ఒక రోజు నేను పాపకు పక్క మారుస్తుంటే నెమ్మదిగా అన్నారు, ‘అమ్మాయ్, పాపను ఎత్తుకోవడం కష్టం కాదు, కింద కూర్చుని లేవడమే నా వల్ల కావట్లేదు.’ అప్పటిదాకా ఆవిడ పగలంతా పాపను చూసుకుంటూ అంట్లు, బట్టలు కూడా చేస్తున్నారు. మేం ఆయా కోసం 10 వేలు పెట్టలేం. కానీ అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, గుడ్డలు ఉతికే మనిషిని 1,800కి పెట్టుకోగలిగాం. పాప పక్కను నేల మీంచి తీసి నడుము ఎత్తు బల్ల మీదికి మార్చాం. పాప అత్తయ్య దగ్గర, చాకిరీ డబ్బిచ్చిన మనిషి దగ్గర. పనిమనిషికి ఇచ్చే 1,800తో పాటు అత్తయ్య భోజనం, మోకాళ్ల మందులు, ఊరికి వెళ్లి వచ్చే చార్జీలు కలిపి నెలకు మాకు 5 వేల లోపు అయింది. పెద్దవాళ్లు ఉన్న ఇంటికి నేను మొదట చెప్పే దారి ఇదే.

పెద్దవాళ్లు రాలేనివాళ్లకు, తల్లి జీతం 12 వేల లోపు ఉంటే, ఏడాదిన్నర పాటు మానడంలో తప్పు లేదు. కానీ మానేముందు జీతం లేని సెలవు, సగం రోజు పని, ఇంటి నుంచి చేసే టైపింగు అడిగి చూడండి. జీతం 18 వేలు దాటితే సెంటరే మేలని నా అభిప్రాయం. చెప్పకుండా మధ్యాహ్నం వెళ్లి చూడండి. ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఆయాలున్నారో, పాలు ఎక్కడ పెడతారో, ఏడ్చే బిడ్డను ఎవరు ఎత్తుకుంటారో కళ్లారా చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. కొన్ని అంగన్‌వాడీల్లో ‘పాల్నా’ పేరుతో ఆరు నెలలు నిండిన పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రాలు ఉన్నాయి. మీ దగ్గర ఉందేమో అడగండి.

నెల మధ్యలో డబ్బు అయిపోతే

అన్నీ సరిగా చేసినా ఒక నెల తన్నుకొస్తుంది. మాకు ఐదో నెలలో పాపకు ఆయాసం వచ్చి మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. 14 వేలు. అప్పుడు మూడు చోట్ల డబ్బు దొరుకుతుంది. వీధిలో మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. క్రెడిట్ కార్డు బకాయి ఉంచితే నెలకు మూడు, మూడున్నర శాతం, అదీ అంతే. బ్యాంకులో బంగారం తాకట్టు పెడితే ఏడాదికి 9, 10 శాతం దగ్గర. మా ఆయన కార్డు గీకుదామన్నారు. నేను చెవి దుద్దులు తీసి ఇచ్చాను, ఏడు నెలల్లో విడిపించాం. ఫోన్లో నిమిషంలో ఇచ్చే లోన్ యాప్ జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ వెళ్లకండి. చిట్టీ పాడుకునే ఆలోచన ఉంటే రిజిస్టరైన కంపెనీయేనా అని చూసుకోండి.

సొంతంగా ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు బిడ్డ పేరు ఎప్పుడు చేర్చుకోవచ్చో అడగండి. చాలా పాలసీల్లో 90 రోజులు నిండాలి. కంపెనీ గ్రూపు బీమాలో చాలా చోట్ల పుట్టినప్పటి నుంచే ఉంటుంది, కానీ పేరు మనమే ఇవ్వాలి. పుట్టిన 21 రోజుల్లో జనన నమోదు ఉచితం, ఆ కాగితం అన్నిటికీ కావాలి.

పొదుపు ఎక్కడ మొదలుపెట్టాలి

ఆడపిల్ల పుట్టగానే సుకన్య ఖాతా (ఆడపిల్లల పేరుతో ప్రభుత్వ పొదుపు) తెరవమని పది మంది చెబుతారు. మంచి పథకమే. ఏడాదికి 250 కడితే చాలు, లక్షన్నర దాకా కట్టొచ్చు, 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం. కానీ పాపకు 18 ఏళ్లు వచ్చేదాకో పదో తరగతి పాసయ్యేదాకో అందులోంచి రూపాయి రాదు. ఎవరైనా తెరవగల ప్రభుత్వ పొదుపు ఖాతా పీపీఎఫ్ 7.1 శాతం, పదిహేనేళ్లు. నెలనెలా కట్టే పోస్టాఫీసు ఆర్‌డీ 6.7 శాతం, నెలకు 100తో మొదలవుతుంది, ఐదేళ్లు. వడ్డీ తక్కువే కానీ అవసరానికి దగ్గరగా ఉంటుంది.

ఆసుపత్రి ఖర్చుకు దుద్దులు తీయాల్సి వచ్చిన ఇంట్లో ముందు కావాల్సింది చేతికి అందే డబ్బు. అందుకే మేం సుకన్య ఖాతా 250తో తెరిచి వదిలేశాం. నెలకు మిగిలే 1,000 మామూలు పొదుపు ఖాతాలో, ఏటీఎం కార్డు లేకుండా, విడిగా వేస్తున్నాం. అది 15 వేలు అయ్యాకే సుకన్యలో నెలనెలా కట్టాలని అనుకున్నాం. ఇప్పుడు పాపకు పదమూడో నెల. ఖాతాలో 8,200 ఉంది.